చావులను కోకొల్లలు అనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలోనూ, తెలుగులో వచ్చే దాదాపు అన్ని పత్రికల్లోనూ, టీవీ స్క్రోలింగుల్లోనూ ఒక మాట ఎక్కడపడితే అక్కడ కనిపిస్తోంది. అది కోకొల్లలు. రోడ్డు ప్రమాదాలు కోకొల్లలు, రైతుల ఆత్మహత్యలు కోకొల్లలు, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణాలు పోయిన ఘటనలు కోకొల్లలు. ఇంత చిన్న విషయానికి ఇంత పొడుగు ఉత్తరమా అని మీ డెస్కులో ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చిన్న విషయంగా కనిపించడం లేదు. ఒక మనిషి చనిపోయిన వార్తలో ఆ మాట చదివినప్పుడల్లా నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఆ కష్టానికి కారణం ఏమిటో వివరంగా చెబితే మీరు కాస్త ఆలోచిస్తారన్న నమ్మకంతో రాస్తున్నాను.

కోకొల్లలు అనే మాటలో ఉన్నది కొల్ల. కొల్ల అంటే దోపిడి, దోచుకున్న సొమ్ము. కొల్లగొట్టారు అని ఇప్పటికీ అంటున్నాం కదా, అదే. శత్రువు కోటలోకి దూరిన సైన్యానికి ఎటు చూసినా సొమ్మే, ఎంత తీసుకున్నా అడిగేవాడు లేడు, తరిగేదీ లేదు. అందుకే అదే మాటకు సమృద్ధి అనే రెండో అర్థం కూడా వచ్చింది. కొల్లగా పండింది, కొల్లలుగా దొరుకుతున్నాయి అంటాం. అంటే ఆ మాట వెనకాల ఎప్పుడూ ఒక కలిమి ఉంది, తీసుకునేవాడి చేతి సంతోషం ఉంది. మామిడికాయలు కోకొల్లలుగా కాశాయి అన్నప్పుడు ఆ మాట ఎంత నిండుగా ఉంటుందో చూడండి. తెలుగులో సామెతలు కోకొల్లలు అంటే అదీ అందమే, ఎన్ని వాడుకున్నా తరగవు కాబట్టి. ఆఖరికి ఇసుక అక్రమాల గురించి, భూకబ్జాల గురించి రాసేటప్పుడు కోకొల్లలు అన్నా నాకు అభ్యంతరం లేదు, అక్కడ నిజంగానే కొల్ల ఉంది కాబట్టి మాట అతికినట్టు కుదురుతుంది. కానీ బస్సు లోయలో పడి చనిపోయినవాళ్ల వార్త చివర్న ‘ఇలాంటి ఘటనలు కోకొల్లలు’ అని రాస్తే, చావులు సమృద్ధిగా పండాయి అన్నట్టు ఉంటుంది. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. అయినా మాట తన వాసన తను మోసుకొస్తుంది.

లెక్కకు అందనివాటిని చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు, ఒక్కోదానికి ఒక్కో చోటు ఉంది. జనం తండోపతండాలుగా వస్తారు. తండం అంటే గుంపు, గుంపు వెనక గుంపు కదిలి వస్తున్న దృశ్యం ఆ మాటలోనే ఉంది, అందుకే పుస్తకాలు తండోపతండాలుగా వచ్చాయి అని ఎవరూ అనరు. పుస్తకాలైతే పుంఖానుపుంఖాలుగా వస్తాయి. పుంఖం అంటే బాణం వెనక ఈకలుండే చివర. ఒక బాణం వెనక కొసను తాకుతూ ఇంకో బాణం, దాని వెనక మరొకటి, విలుకాడు ఊపిరి తీసుకోకుండా వేస్తున్నాడన్నమాట. వ్యాసాలు, ప్రసంగాలు, ఉత్తర్వులు ఇలా ఒకే చోటునుంచి వరసగా వచ్చేవాటికి ఆ మాట ఎంత బాగా సరిపోయిందో! ఇబ్బడిముబ్బడి చూడండి. ఇబ్బడి అంటే రెండింతలు, ముబ్బడి అంటే మూడింతలు. అందులో ఉన్నది పెరుగుదల, ఉన్నది రెట్టింపై మళ్లీ పెరగడం. ధరలు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి అంటే అర్థముంది గానీ, గోడ మీద బొమ్మలు ఇబ్బడిముబ్బడిగా ఉన్నాయి అంటే ఏదో వెలితిగా ఉంటుంది. కుప్పలు తెప్పలుగా అంటే కదలకుండా ఒకచోట పోగుపడినవి, ఆఫీసులో ఫైళ్లలాంటివి. వేనోళ్ల అన్నది పొగడ్తకు మాత్రమే. వెయ్యి నోళ్లతో పొగుడుతారు తప్ప వేనోళ్ల తిట్టారు అనడం నేనెక్కడా వినలేదు.

ఇంకొన్ని ఉన్నాయి, అవి నాకు అన్నిటికన్నా ఇష్టం. లెక్కపెట్టడానికి వీల్లేనివాటిని మనవాళ్లు కొలపాత్రతో కొలిచారు. దోసెడు, గిన్నెడు, చెంబెడు, గంపెడు. ఆశను గంపతో కొలిచి గంపెడాశ అన్నారు. దుఃఖాన్ని పుట్టితో కొలిచారు. ఇరవై తూముల ధాన్యం పడితే ఒక పుట్టి, ఇవాళ ఆ కొలత ఎవరింట్లోనూ లేకపోయినా పుట్టెడు దుఃఖం అంటే అందరికీ అర్థమవుతుంది. గంపెడు దుఃఖం అని గానీ పుట్టెడాశ అని గానీ మనం అనం, ఎవరూ నేర్పకుండానే మన నోటికి ఆ తేడా తెలుసు. ధైర్యానికి కొండ. కొండంత ధైర్యం, కొండంత అండ. ఇన్ని ఉండగా, ఇంత సున్నితంగా ఉండగా, అన్నిటినీ పక్కనపెట్టి ఒక్క కోకొల్లలతో పని కానిచ్చేస్తున్నాం.

సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటిలోనూ ఇలాంటి తేడాలున్నాయి. సహస్రం అంటే వెయ్యి, కానీ పురుషసూక్తంలో వచ్చే సహస్రం వెయ్యి కాదని పెద్దలు ఎప్పుడో చెప్పారు. వెయ్యి తలలు, వెయ్యి కళ్లు, వెయ్యి పాదాలు అంటుంది సూక్తం. వెయ్యి తలలుంటే రెండువేల కళ్లుండాలి కదా! కాబట్టి అక్కడ సహస్రం అంటే లెక్కకు మించినవి అని భాష్యం. కోటి అన్న మాటకు కొస, అంచు అనే అర్థం కూడా ఉంది, వింటి చివరను ధనుష్కోటి అంటారు. లెక్కపెట్టుకుంటూ పోతే చేరుకునే ఒక చివర అన్న భావన అందులో ఉందని నాకు అనిపిస్తుంది. ఒక్క మన దగ్గరే ఇలా అని కాదు. గ్రీకుల భాషలో పదివేలకు ఉన్న మాటే లెక్కలేనన్ని అనే అర్థంలోనూ నడిచింది, చైనావాళ్లు సృష్టిలో ఉన్న సమస్తాన్నీ పదివేల వస్తువులు అంటారు, పాత రష్యన్‌లో పదివేలను చెప్పే మాటకూ చీకటిని చెప్పే మాటకూ రూపం ఒక్కటే. లెక్క ఎక్కడ ఆగిపోతుందో అక్కడినుంచి చీకటే అనుకున్నారేమో.

జైనులు మాత్రం ఈ విషయంలో ఎవరూ పడనంత శ్రమ పడ్డారు. వాళ్ల గ్రంథాల్లో సంఖ్యలు మూడు రకాలు. సంఖ్యేయం, అంటే లెక్కించగలిగేది. అసంఖ్యేయం, లెక్కకు మించినది. అనంతం, అంతమే లేనిది. చాలా ఎక్కువ ఉన్నంత మాత్రాన అది అసంఖ్యేయం కాదు, అసంఖ్యేయమైనంత మాత్రాన అనంతమూ కాదు. ఈ మూడూ వేరువేరని అంత పాతకాలంలోనే గీత గీసి చెప్పిన దేశంలో ఉంటూ, నాలుగు వందల సంఘటనలకు అసంఖ్యాకం అని, నలభై సంఘటనలకు అనంతం అని రాసేస్తున్నాం.

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడిస్ సరిగ్గా దీనిమీదే ఒక చిన్న గ్రంథం రాశాడు. ఇసుక రేణువులకు లెక్కలేదని కొందరు అనుకుంటున్నారు అని మొదలుపెట్టి, విశ్వం మొత్తాన్ని ఇసుకతో నింపినా ఎన్ని రేణువులు పడతాయో లెక్కగట్టి చూపించాడు. ఇప్పటి పద్ధతిలో రాస్తే ఒకటి పక్కన 63 సున్నాల లోపే. ఆయనకు అప్పటికి తెలిసిన విశ్వం చిన్నదే కావచ్చు, ఆ సంఖ్య మనకు పనికిరాకపోవచ్చు. అయినా లెక్కలేనిది అని అందరూ వదిలేసినదాని దగ్గర కూర్చుని లెక్కపెట్టాడు. మనం చుక్కలు కోకొల్లలు అంటాం. మామూలు కంటికి కనిపించే చుక్కలు ఆకాశం మొత్తం మీద ఆరువేల దాకా ఉంటాయి, అందులో ఒక వేళకు మన నెత్తిమీద ఉండేవి సగమే. మిగతావి కంటికి ఆననివి, మన పాలపుంతలోనే పదివేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాకా ఉంటాయని అంచనా. చుక్కల విషయంలో కోకొల్లలు అంటే నాకేమీ ఇబ్బంది లేదు. అక్కడ ఎవరికీ నష్టం లేదు.

మనుషుల దగ్గరికి వచ్చినప్పుడే గొడవ. తెలుగులో లెక్క అన్న మాట రెండు పనులు చేస్తుంది. ఎన్ని అన్నదీ లెక్కే, గౌరవమూ లెక్కే. పెద్దలంటే లెక్కలేదు, మాటంటే లెక్కచేయడు, మమ్మల్ని ఒక లెక్కలోకే తీసుకోరు, లెక్కలేనితనం ఎక్కువైంది, ఇవన్నీ రోజూ అనే మాటలే. ఎన్ను అనే క్రియ కూడా ఇంతే. దాన్నుంచే ఎన్నలేని అన్న మాట వచ్చింది, ఎన్నదగిన అన్నదీ వచ్చింది, ఎన్నికలూ వచ్చాయి. ఎన్నడం అంటే లెక్కించడమూ అవుతుంది, విలువ ఇవ్వడమూ అవుతుంది. సంస్కృతంలో గణన కూడా అదే దారి. అగణితం అంటే లెక్కలేనంత ఎక్కువ, నగణ్యం అంటే లెక్కలోకి రానంత తక్కువ, రెండూ ఒకే ధాతువునుంచి పుట్టాయి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే. లెక్కలేనంతమంది చనిపోయారు అనడానికీ, చనిపోయినవాళ్లకు లెక్కలేదు అనడానికీ మధ్య దూరం మన భాషలో చాలా తక్కువ. శతకోటి లింగాల్లో బోడిలింగం అని మనకో నానుడి ఉంది. కోట్ల మధ్య ఉన్న ఒకటికి విలువ ఉండదని దాని భావం. చనిపోయిన మనిషిని కోకొల్లల్లో ఒకడిగా చెబితే అతన్ని అక్కడికే నెట్టేస్తున్నాం. ఆ వార్త ఆ ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు, చాలాసార్లు కత్తిరించి దాచుకుంటారు కూడా.

పైగా అవి నిజంగా లెక్కలేనివి కావు. రోడ్డు ప్రమాదాలే తీసుకోండి. కేంద్ర రవాణా శాఖ ఏటా నివేదిక ఇస్తుంది. 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. వీళ్లలో హెల్మెట్ లేకుండా బండిమీద వెళ్తూ పోయినవాళ్లు 50,029 మంది. ఈ చివరి సంఖ్య చదివాక ఎవరైనా హెల్మెట్ వెతుక్కుంటారు. ప్రమాదాలు కోకొల్లలు అని చదివితే ఏం చేస్తారు? అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు, ఎందుకంటే కోకొల్లలుగా ఉన్నదాన్ని ఎవరూ ఆపలేరు, అది వానలాగా దానంతటదే పడుతున్నట్టు అనిపిస్తుంది.

రైతుల ఆత్మహత్యల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో వ్యవసాయం మీద బతికేవాళ్లలో 11,290 మంది ప్రాణాలు తీసుకున్నారు. అందులో సొంతంగానో కౌలుకో సాగు చేసుకునేవాళ్లు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. కూలీలే ఎక్కువ! మన పత్రికల్లో ఎప్పుడు చూసినా రైతుల ఆత్మహత్యలు అనే శీర్షిక ఉంటుంది తప్ప కూలీ అన్న మాట ఆ శీర్షికలోకి రావడం ఎంత అరుదో మీకే తెలుసు. సంఖ్య ఉంటే ఆ ప్రశ్న పుడుతుంది, వీళ్లెవరు, వీళ్లకు పరిహారం వస్తుందా, పొలం పేరు మీద లేనివాళ్లను ఏ కుప్పలో వేస్తున్నారు అని. కోకొల్లలు అన్నచోట ఏ ప్రశ్నా పుట్టదు.

ప్రభుత్వం లెక్క తప్పైతే, అసలు లెక్కే లేకపోతే ఏం రాయాలి అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు లెక్క లేదు అనే రాయండి. లెక్కలేనన్ని వేరు, లెక్కపెట్టనివి వేరు. కరోనా మరణాలు గుర్తున్నాయి కదా. 2021 చివరికి మన ప్రభుత్వ లెక్క 4 లక్షల 80 వేల చిల్లర. 2020, 2021 రెండేళ్లలో భారత్‌లో మామూలుగా జరిగేవాటికన్నా అదనంగా సంభవించిన మరణాలు 47 లక్షల దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా ప్రకటించింది. ఆ లెక్కగట్టిన పద్ధతిని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ రెండు సంఖ్యల మధ్య దాదాపు పదింతల తేడా ఉంది, ఎవరి పద్ధతి ఏమిటో, ఏ మరణాన్ని దేని కింద రాశారో పాఠకుడికి చెప్పాల్సిన కథ అంతా ఆ తేడాలోనే ఉంది. ఆ చోటులో కోకొల్లలు అని ఒక్క మాట పెట్టేస్తే రెండు సంఖ్యలూ మాయమైపోతాయి. లెక్కపెట్టాల్సినవాళ్లు పెట్టలేదన్న సంగతి కూడా దాంతోపాటే మాయమవుతుంది. నా దృష్టిలో ఇది అన్నిటికన్నా పెద్ద నష్టం. జనగణన సంగతీ ఇంతే. 1881 నుంచి పదేళ్లకోసారి ఆగకుండా జరిగింది, 2011లో 121 కోట్లు అని తేలాక తర్వాతి గణన 2021లో జరగలేదు, ఇప్పుడు 2027 మార్చి ఒకటిని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈ మధ్యకాలంలో ఏ పథకంలో ఎంతమంది మిగిలిపోయారన్నది చెప్పడానికి ఎవరి దగ్గరా సరైన ఆధారం లేదు. ‘అర్హులైన పేదలు కోకొల్లలు’ అన్న వాక్యం వెనకాల ఉన్న అసలు వార్త ఇది.

మహాభారతంలో ఒక ఘట్టం ఉంది, స్త్రీపర్వంలో. యుద్ధం అయిపోయింది, కురుక్షేత్రం నిండా శవాలు. గుడ్డివాడైన ధృతరాష్ట్రుడు ధర్మరాజును అడుగుతాడు, ఎంతమంది చనిపోయారు, ఎంతమంది మిగిలారు అని. ధర్మరాజు ‘లెక్కలేనంతమంది’ అనడు. నూట అరవై ఆరు కోట్ల ఇరవై వేల మంది అని చెబుతాడు. కనిపించకుండా పోయినవాళ్ల సంఖ్యను విడిగా చెబుతాడు. ఆ తర్వాత దిక్కులేని శవాలకు కూడా సంస్కారం చేయించమని మనుషులను పురమాయిస్తాడు. ఒక అక్షౌహిణి సేనలో రథాలు, ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు అన్నీ కలిపి 2,18,700 కదా, పద్దెనిమిది అక్షౌహిణులు కలిపితే నలభై లక్షలు కూడా కాదు కదా, మరి అన్ని కోట్లు ఎలా అని వాదించేవాళ్లు ఉన్నారు, ఆ వాదన సబబే, ఆ సంఖ్యలు పొసగవు. కానీ నన్ను పట్టుకున్నది వేరే. అంతటి విధ్వంసం తర్వాత, వంద మంది కొడుకులు పోయిన తండ్రి ఎంతమంది అని అడగడం, గెలిచినవాడు దానికి జవాబు చెప్పాల్సి రావడం. కవి కావాలనుకుంటే అసంఖ్యాకం అని ఒక్క మాటతో దాటేయవచ్చు, ఛందస్సులో చక్కగా ఇమిడేది కూడా. దాటేయలేదు.

ఇక రెండో విషయం, సభలు, జాతరలు, ఊరేగింపుల జనం గురించి. ఇక్కడ కోకొల్లలు తక్కువ, లక్షలాది ఎక్కువ. లక్షలాదిగా తరలివచ్చారు, పోటెత్తారు, ఇసుక వేస్తే రాలనంత జనం. ఈ చివరిది చక్కని నుడికారం, దాని జోలికి నేను వెళ్లను, అది ఎవరూ సంఖ్యగా తీసుకోరు. లక్షలాది మాత్రం సంఖ్యే. కనీసం రెండు మూడు లక్షలుంటే తప్ప బహువచనం వాడకూడదు. 1960లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ అనే ఆయన తన ఆఫీసు కిటికీలోంచి కింద గళ్లు గళ్లుగా గీతలున్న ఆవరణలో జరిగే నిరసన సభలను చూసి, ఒక్కో గడిలో ఎంతమంది నిలబడుతున్నారో లెక్కపెట్టి, ఒక సులువైన పద్ధతి తయారుచేశారు. జనం పలచగా ఉంటే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుగా ఉంటే నాలుగున్నర, అసలు కదలడానికి వీల్లేనంత తొక్కిడిగా ఉంటే రెండున్నర. ఇప్పటికీ ప్రపంచమంతా దీన్నే మొదటి మెట్టుగా వాడుతున్నారు.

దీన్ని మన ఎకరానికి వర్తింపజేసి చూడండి. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పలచగా నిలబడితే ఎకరానికి 4,356 మంది. ఒత్తుగా నిలబడితే 9,680. ప్రాణాపాయమైనంత తొక్కిడి ఉన్నా 17,424 దాటరు. అంటే లక్ష మంది ఒత్తుగా నిలబడాలంటే పదెకరాలకు పైగా కావాలి, ఐదు లక్షలకు యాభై ఎకరాలు దాటాలి. అదీ వేదిక, కుర్చీలు, బారికేడ్లు, దారులు, పార్కింగు అన్నీ తీసేసి మిగిలిన స్థలం. మీ విలేకరి ఫోనులో మ్యాపు తెరిస్తే మైదానం ఎంత ఉందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నిర్వాహకులు ఇంత అన్నారు, పోలీసులు ఇంత అన్నారు, స్థలం ఇన్ని ఎకరాలు కాబట్టి ఇంతకు మించి పట్టరు అని మూడు ముక్కలు రాస్తే పాఠకుడికి నిజం అందుతుంది. ఇది రాజకీయ నాయకుల గొప్పల గురించి మాత్రమే అనుకోకండి. తొక్కిసలాటలు జరిగి మనుషులు చనిపోతున్న రోజులివి. ఎకరానికి ఎంతమంది అన్న లెక్క వేసే అలవాటు విలేకరులకు ఉంటే, ఇంత చోటులోకి ఇంతమందిని ఎలా వదులుతున్నారు అని ముందురోజే అడిగే వీలుంటుంది. భక్తులు పోటెత్తారు అని రాయడంలో ఆ వీలు లేదు, పోటు అంటే సముద్రం పొంగడమే కాబట్టి సముద్రాన్ని ఎవరూ నిలదీయరు.

భాష మారుతుంది, కోకొల్లలు అంటే ఇప్పుడు చాలా అని మాత్రమే అర్థం, అందులో కొల్ల ఎవరికీ వినిపించడం లేదు అని కొందరు మిత్రులు నాతో వాదించారు. మాటలు మారతాయి, కాదనను. కానీ ఈ మాట ఇంకా అంతగా అరిగిపోలేదు. అరిగిపోయి ఉంటే మన ఇళ్లలోనూ అలాగే వాడాలి కదా. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లు ‘ఇలాంటి చావులు కోకొల్లలండీ’ అంటారా? ఎవరూ అనరు, అంటే ఆ ఇంట్లోవాళ్లు మళ్లీ మొహం చూడరు. మనిషి ఎదుట అనలేని మాటను అచ్చులో ఎలా అంటాం? ఇంకో వాదన, అంకెలు చదివితే పాఠకుడికి విసుగు అని. అన్నీ ఒకచోట గుమ్మరిస్తే విసుగే. ఒక వార్తకు ఒక్క సరైన సంఖ్య చాలు. గంటకు 19 మంది అన్నది విసుగు పుట్టిస్తుందా?

మీ డెస్కులో రాత్రిపూట పేజీలు పెట్టేవాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించగలను. వార్త చివర్న రెండు వాక్యాలు తగ్గితే పూరించడానికి చేతికి దగ్గరగా ఉన్న మాట అందుకుంటారు, అందులో దుర్మార్గం ఏమీ లేదు. అందుకే ఇది ఒకరిద్దరు ఉపసంపాదకుల మీద ఫిర్యాదుగా తీసుకోవద్దు. పత్రిక ఒక నియమంగా పెట్టుకుంటే తప్ప మారే విషయం కాదు.

నేను కోరేవి చాలా మామూలివి. మరణాలు, ఆత్మహత్యలు, అత్యాచారాలు, ప్రమాదాల వార్తల్లో కోకొల్లలు అన్న మాట వాడకూడదని మీ శైలి నియమాల్లో రాసిపెట్టుకోండి. ఆ చోట గత ఏడాది ఎన్ని జరిగాయో, ఆ లెక్క ఎవరిదో ఒక్క వాక్యంలో రాయండి. జిల్లా లెక్క దొరికితే మరీ మంచిది, రాష్ట్రానిదైనా సరే. లెక్క దొరకకపోతే ఫలానా శాఖను అడిగాం, ఇవ్వలేదు అని రాయండి, అది కూడా వార్తే. సమాచార హక్కు చట్టం వచ్చి 2005 నుంచి ఇన్నేళ్లయింది, అడిగితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. సభలకు, జాతరలకు జనం సంఖ్య రాసినప్పుడు పక్కనే మైదానం విస్తీర్ణం వేయండి. ఈ వేసవిలో జరగబోయే సభల నుంచే మొదలుపెడితే బావుంటుంది, మైదానాల కొలతలు మీ జిల్లా విలేకరులు ఒక్కసారి తీసి పెట్టుకుంటే ఏళ్లతరబడి పనికొస్తాయి.

మామిడికాయలకు, సామెతలకు, చుక్కలకు కోకొల్లలు అని ఎంత కావాలంటే అంత రాసుకోండి.

ఇట్లు,
మీ పత్రికను రోజూ చదివే పాఠకుడు